విమానం ఎక్కకుండా ప్రపంచం చుట్టి రావాలంటే

విమానం ఎక్కకుండా ప్రపంచాన్ని చుట్టి రావాలనుకునేవాళ్లు చాలామంది రైళ్ల దగ్గర మొదలుపెడతారు. ఇస్తాంబుల్ దాకా ఏ రైలు, అక్కడి నుంచి ఏ బస్సు, మధ్య ఆసియా ఎలా దాటాలి అని నెలల తరబడి లెక్కలు వేస్తారు. అన్నీ కుదిరి తీరా జపాన్‌కో సింగపూర్‌కో చేరాక ఎదురుగా సముద్రం కనిపిస్తుంది. అటు వెళ్లాల్సిన ఓడ రెండు నెలల కిందటే వెళ్లిపోయి ఉంటుంది. మళ్లీ వచ్చే సీజన్ దాకా ఇంకోటి లేదు. ఇలాంటి ప్రయాణాలు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. అందుకే మొదటే చెప్తున్నాను: ముందు నీళ్లు, తర్వాత నేల. అట్లాంటిక్, పసిఫిక్ మహాసముద్రాలు ఎప్పుడు, దేని మీద దాటుతారో తేల్చుకోండి. మిగతా ప్రయాణమంతా ఆ రెండు తేదీల మధ్య సర్దుకుంటుంది.

ఒకప్పుడు ఈ ఇబ్బంది లేదు. అమెరికా జర్నలిస్టు నెల్లీ బ్లై 1889 నవంబరు 14న ఓడ ఎక్కి, 72 రోజుల్లో ప్రపంచం చుట్టి, 1890 జనవరి 25న తిరిగొచ్చింది. అప్పట్లో రెండు మహాసముద్రాల మీదా టైంటేబుల్ ప్రకారం ప్రయాణికుల ఓడలు నడిచేవి. 1950ల చివర్లో జెట్ విమానాలు వచ్చాక అవి ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఇప్పుడు రైళ్లు ఆమె ఎక్కిన రైళ్ల కంటే ఎంతో వేగంగా పోతాయి, ఓడలకే కరువు.

మీ నియమం మీరే రాసుకోండి

ప్రపంచం చుట్టడం అంటే మీ దృష్టిలో ఏమిటో ముందు కాగితం మీద పెట్టండి. బయల్దేరిన చోటికే తిరిగి రావాలి, తూర్పుకో పడమరకో ఒకే దిక్కుగా సాగాలి, రేఖాంశాలన్నీ దాటాలి. ఈ మూడూ ఉంటే చాలని నా ఉద్దేశం. భూమధ్యరేఖ కూడా దాటాలని పట్టుబట్టేవాళ్లున్నారు. అది మీ ఇష్టం, కానీ ఆ ఒక్క షరతుతో ప్రయాణం నెలల కొద్దీ పెరగొచ్చని తెలిసి పెట్టుకోండి.

డెన్మార్క్‌కు చెందిన థోర్ పెడర్సన్ 2013 అక్టోబరు 10న బయల్దేరి, ఒక్క విమానం కూడా ఎక్కకుండా 203 దేశాలు తిరిగి, 2023 మే 24న మాల్దీవుల్లో ఆ లెక్క పూర్తి చేశాడు. ప్రతి దేశంలో కనీసం 24 గంటలు ఉండాలి, పూర్తయ్యేదాకా ఇంటికి వెళ్లకూడదు అన్నవి ఆయన ముందే పెట్టుకున్న నియమాల్లో కొన్ని. కొవిడ్ కాలంలో దాదాపు రెండేళ్లు హాంకాంగ్‌లో ఇరుక్కుపోయినా వాటిని వదల్లేదు. అంత కఠినంగా ఉండమని నేను అనను. కానీ రాసిపెట్టుకున్న నియమం లేకపోతే, ఒళ్లు హూనమైన ఏదో ఒక సాయంత్రం గంటన్నర విమానమేగా, ఏమవుతుందిలే అనిపిస్తుంది.

ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే విమానం ఎక్కి వెళ్తాను అన్న మాట కూడా ఆ కాగితం మీదే రాయండి. దాన్ని ఓటమిగా చూడకండి. ముందే రాసి ఉంటే ఆ రోజు తర్జనభర్జన ఉండదు.

తూర్పా, పడమరా?

తెరచాప పడవల మీద మహాసముద్రం దాటే ఆలోచన ఉంటే పడమరకే వెళ్లండి. ఉష్ణమండలంలో వ్యాపార పవనాలు తూర్పు నుంచి పడమరకు వీస్తాయి. పడవలన్నీ వాటి వెంటే పోతాయి కాబట్టి సిబ్బందిగా చోటు దొరికేది కూడా ఆ దిక్కునే.

పెద్ద ఓడల మీదే దాటేట్టయితే రెండు దిక్కులూ కుదురుతాయి. అప్పుడు క్యాలెండర్‌దే పెత్తనం. అలాస్కా క్రూయిజ్ సీజన్ సుమారుగా మే నుంచి సెప్టెంబరు వరకు. సీజన్ అయ్యాక కొన్ని ఓడలు వాంకూవర్, సియాటిల్ వైపు నుంచి జపాన్‌కో ఆస్ట్రేలియాకో తరలిపోతాయి. వసంతంలో, అంటే ఏప్రిల్ ప్రాంతంలో, మళ్లీ ఇటు వస్తాయి. ఖాళీగా తిప్పే బదులు టికెట్లు అమ్ముతారు. వీటినే రీపొజిషనింగ్ క్రూయిజ్‌లు అంటారు. పసిఫిక్ దాటడానికి మామూలు ప్రయాణికుడికి దొరికే నమ్మకమైన దారి ఇదే. జపాన్ నుంచి ఉత్తర అమెరికాకు రెండు వారాలు, ఒక్కోసారి ఆపై కొన్ని రోజులు పడుతుంది.

దీన్నిబట్టి రెండు నమూనాలు తయారవుతాయి. తూర్పుకు వెళ్లేవాళ్లు జనవరి చివర్లో యూరప్ వదిలి, మార్చి ఆఖరుకు జపాన్ చేరి, ఏప్రిల్‌లో పసిఫిక్ దాటి, మే, జూన్‌లలో ఉత్తర అమెరికాను రైల్లో అడ్డంగా దాటి, వేసవిలో న్యూయార్క్ నుంచి ఓడ పట్టుకోవచ్చు. పడమరకు వెళ్లేవాళ్లు వేసవిలో అట్లాంటిక్ దాటి, సెప్టెంబరుకు కెనడా పశ్చిమ తీరం చేరి, అక్టోబరులో ఆసియాలో దిగొచ్చు. అప్పుడు మధ్య ఆసియా చలికాలంలో తగులుతుంది. అందుకే నా ఓటు తూర్పుకు. చలి ఎటూ తప్పదు, అది మొదట్లోనే, ఓపిక నిండుగా ఉన్నప్పుడే గడిచిపోతుంది.

అట్లాంటిక్: తేలిక పని

ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కు క్వీన్ మేరీ 2 నడుస్తుంది. 2004లో సేవలోకి వచ్చింది. ఈ రెండు తీరాల మధ్య క్రమం తప్పకుండా తిరిగే ప్రయాణికుల లైనర్ ఇప్పుడు ఇదొక్కటే. మామూలుగా ఏడు రాత్రుల ప్రయాణం. పడమరకు వెళ్తుంటే దారిలో ఐదు రోజులు గడియారాన్ని గంట చొప్పున వెనక్కి తిప్పుతారు, ఆ రోజులకు 25 గంటలుంటాయి. తూర్పుకు వస్తుంటే ఐదు రోజులు 23 గంటలవే. నెమ్మదిగా వెళ్లడమంటే ఏమిటో ఒంటికి తెలిసేది అప్పుడే. విమానం దిగినవాళ్లను వారం పాటు వేధించే నిద్ర సమస్య ఇక్కడ దాదాపు ఉండదు.

కిటికీ లేని లోపలి క్యాబిన్ అన్నిటికంటే చవక. ఒక్కరే వెళ్తుంటే మాత్రం ఇద్దరి ధరకు దగ్గరగా కట్టాల్సి వస్తుంది. తోడు దొరికితే ఖర్చు దాదాపు సగమవుతుంది.

ఇక్కడా రీపొజిషనింగ్ ఓడలుంటాయి. అక్టోబరు, నవంబరుల్లో మధ్యధరా నుంచి కరీబియన్‌కు, ఫ్లోరిడాకు, బ్రెజిల్‌కు వెళ్తాయి. ఏప్రిల్, మే నెలల్లో తిరిగి వస్తాయి. రాత్రికి ఇంత అని లెక్క వేస్తే ఇవి చాలాసార్లు లైనర్ కంటే చవక. ఓడ ఆగే రేవుల్లో ఏ ఒక్క దేశం వీసా లేకపోయినా ఎక్కనివ్వకపోవచ్చు. మీరు దిగకుండా ఓడలోనే కూర్చుంటానన్నా ఒప్పుకోరు. టికెట్ కొనే ముందే రేవుల జాబితా మొత్తం చూసుకోండి. మధ్యలో ఏదో రేవులో దిగిపోవాలనుకుంటే కంపెనీ అనుమతి రాతపూర్వకంగా ముందే తీసుకోవాలి.

వాతావరణం మీద ప్రేమతో విమానం మానేసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు కాబట్టి ఒక చేదు నిజం చెప్పాలి. ఒక్కో ప్రయాణికుడికి, ఒక్కో కిలోమీటరుకు ఇంత అని లెక్క తీస్తే పెద్ద క్రూయిజ్ ఓడ విమానం కంటే తక్కువ కర్బనం వదులుతుందన్న భరోసా లేదు, ఎక్కువ వదలడం మామూలే. లాభమంతా రైళ్లలో, బస్సుల్లో, తెరచాప పడవల్లో, ఎటూ సరుకుతో వెళ్లే కార్గో ఓడల్లో ఉంది. కాబట్టి క్రూయిజ్‌ను సముద్రం దాటడానికే వాడండి, తిరగడానికి వాడకండి.

కార్గో ఓడలు

2020కి ముందు కంటైనర్ ఓడల మీద ప్రయాణం ఇలాంటివాళ్లందరి మొదటి ఎంపిక. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం 12 మందికి మించి ప్రయాణికులను ఎక్కించుకుంటే అది ప్రయాణికుల ఓడ కింద లెక్క. అందుకే కార్గో ఓడల్లో 12 కంటే ఎక్కువ చోట్లుండవు, చాలావాటిలో అంతకంటే ఎంతో తక్కువ. కొవిడ్‌తో కంపెనీలు ప్రయాణికులను ఎక్కించుకోవడం ఆపేశాయి, మళ్లీ తలుపులు తెరిచినవి కొన్నే. అయినా ప్రయత్నించండి. నేరుగా ఓడల కంపెనీలకు రాస్తే జవాబు రావడం అరుదు. కార్గో ప్రయాణాలే అమ్మే ఏజెంట్లను పట్టుకుని, మీ తేదీలకు కనీసం ఆరు నెలల ముందు అడగండి.

ఓడలో డాక్టరు ఉండడు. అందుకని డాక్టరు సర్టిఫికెట్ తప్పక అడుగుతారు, వయసు పరిమితి కూడా ఉంటుంది. బయల్దేరే తేదీ సరుకును బట్టి నాలుగైదు రోజులు అటూ ఇటూ జరుగుతుంది, ఒక్కోసారి రేవే మారిపోతుంది. మీకోసం ఎవరూ వినోదాలు పెట్టరు. పుస్తకాలు, భోజనాల వేళలు, సముద్రం, అంతే. ఆ నిశ్శబ్దం పడేవాళ్లకు ఇంతకంటే మంచి ప్రయాణం లేదు.

తెరచాప పడవ మీద సిబ్బందిగా

డబ్బు తక్కువ, సమయం ఎక్కువ ఉన్నవాళ్ల దారి ఇది. సొంత పడవలున్న కెప్టెన్లకు సముద్రం దాటేటప్పుడు రాత్రి కాపలాకు, వంటకు, తాళ్లు లాగడానికి మనుషులు కావాలి. ప్రతిఫలంగా చోటిస్తారు. తిండి ఖర్చు పంచుకోవడం మామూలు.

అట్లాంటిక్‌కు కానరీ దీవుల్లోని లాస్ పాల్మాస్ రేవు కేంద్రం. హరికేన్ల కాలం జూన్ నుంచి నవంబరు దాకా కాబట్టి పడవలు నవంబరు నుంచి జనవరి మధ్య బయల్దేరతాయి. 1986 నుంచి లాస్ పాల్మాస్ నుంచి కరీబియన్‌కు ఏటా పడవల ర్యాలీ కూడా జరుగుతోంది. దూరం దాదాపు 2,700 నాటికల్ మైళ్లు, రెండు నుంచి నాలుగు వారాలు. అక్టోబరు చివరికల్లా అక్కడికి చేరి, రేవులో నడుస్తూ పడవ పడవకూ వెళ్లి అడగండి. ఇంటర్నెట్లో పది మెసేజ్‌లు పెట్టడం కంటే ఒక పూట రేవులో తిరగడం మేలు. కెప్టెన్లు మనిషిని చూసి నిర్ణయించుకుంటారు.

మీరూ కెప్టెన్‌ని చూసే నిర్ణయించుకోవాలి. లైఫ్ రాఫ్ట్ (పడవ మునిగితే ఎక్కే గాలి తెప్ప) చివరిసారి ఎప్పుడు తనిఖీ చేయించారు, ఆపదలో ఉపగ్రహానికి సంకేతం పంపే బీకన్ ఉందా, రాత్రి డెక్ మీద నడుముకు తాడు కట్టుకునే పద్ధతి ఉందా అని అడగండి. ఆ ప్రశ్నలకు చిరాకుపడే కెప్టెన్‌తో వెళ్లకండి. ఇంతకుముందు ఆ పడవలో పనిచేసినవాళ్లతో మాట్లాడండి. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు ఇది మాత్రం అస్సలు వదలకూడదు. ఒక రోజు తీరం వెంబడి తిప్పి చూపించమనండి. మూడు వారాలు దిగే వీలులేని ఇంట్లోకి కాపురానికి వెళ్తున్నారు, అంత జాగ్రత్త అవసరమే.

రాత్రి కాపలా ఎలా ఉంటుందో చెప్తాను. రెండు గంటలకు ఎవరో భుజం తట్టి లేపుతారు. చీకట్లోనే జాకెట్, దాని మీద లైఫ్ జాకెట్ వేసుకుని, మెట్లెక్కుతూనే తాడు కొక్కెం డెక్ మీది పట్టీకి తగిలిస్తారు, ఆ తర్వాతే రెండో కాలు బయటపెడతారు. దిగిపోయే మనిషి మూడే మాటలు చెప్తాడు: గాలి ఎటు నుంచి, దారి ఎంత డిగ్రీలు, చుట్టుపక్కల ఓడలేమైనా ఉన్నాయా. ఇక మూడు గంటలు మీవే. పది నిమిషాలకోసారి లేచి నిలబడి చుట్టూ ఒక ప్రదక్షిణం చూడాలి. అంచున చిన్న తెల్ల దీపం కనిపిస్తే, దాని పక్కన ఎరుపు ఉందా ఆకుపచ్చ ఉందా అని చూస్తారు. ఆకుపచ్చయితే ఆ ఓడ కుడి వైపు, ఎరుపయితే ఎడమ వైపు మీకు కనిపిస్తోందన్నమాట. రెండూ ఒకేసారి కనిపిస్తే అది సూటిగా మీ మీదికే వస్తోంది, కెప్టెన్‌ని లేపండి. అనవసరంగా లేపానేమో అన్న మొహమాటం పెట్టుకోకండి. మంచి కెప్టెన్ దానికి ఎప్పుడూ కోప్పడడు.

పసిఫిక్ ఇంకా పెద్ద సంగతి. పనామా నుంచి గలపాగోస్ దీవుల మీదుగా దక్షిణ పసిఫిక్‌లోని మార్కేసాస్ దీవులకు వెళ్తారు. గలపాగోస్ తర్వాత దాదాపు 3,000 నాటికల్ మైళ్లు నేలే కనిపించదు. పడవలు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య కదులుతాయి. దక్షిణ పసిఫిక్‌లో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుఫానుల కాలం కాబట్టి, ఆలోగా చాలావరకు న్యూజిలాండ్‌కో ఆస్ట్రేలియాకో దిగిపోతాయి. అంటే ఈ ఒక్క సముద్రానికే ఎనిమిది నెలలు. ఆ తర్వాత ఆస్ట్రేలియా నుంచి ఇండోనేషియాకు రోజువారీ ఫెర్రీ ఏదీ లేదు. డార్విన్ నుంచి జూలై, ఆగస్టుల్లో ఉత్తరానికి కదిలే పడవల్లో మళ్లీ చోటు వెతుక్కోవాల్సిందే.

పడవ సిబ్బంది జాబితాలో మీ పేరు ఉన్నంతకాలం ఆ దేశం ముందు మీ పూచీ కెప్టెన్‌దే. అందుకే ఏ దీవిలో దిగినా, మీరు అక్కడి నుంచి ఎలా వెళ్తారో రుజువు చూపకుండా జాబితాలోంచి పేరు తీయరు. దిగాక ఇమిగ్రేషన్ పని పూర్తయ్యేదాకా కెప్టెన్ పక్కనే ఉండండి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నట్టు చేస్తే, ఆ కబురు మీకంటే ముందే తర్వాతి రేవుకు చేరుతుంది. పడవల లోకం చాలా చిన్నది.

తేదీ మారే గీత

180 డిగ్రీల రేఖాంశం దగ్గర అంతర్జాతీయ దినరేఖ దాటుతారు. పడమరకు వెళ్తే ఒక రోజు పూర్తిగా పోతుంది, తూర్పుకు వెళ్తే ఒకే తేదీ రెండుసార్లు వస్తుంది. మెజెలన్ బృందంలో బతికి బయటపడ్డవాళ్లు 1522 జూలైలో కేప్ వర్డ్ దీవుల్లో ఆగినప్పుడు, తమ లెక్కలో బుధవారమైన రోజు ఒడ్డున గురువారమని విని నివ్వెరపోయారు. రోజూ రాసుకున్న డైరీలో ఎక్కడా తప్పు లేదు, అయినా ఒక రోజు తేడా. మీకు దీనితో పనేమిటంటే, ఓడ దిగే తేదీకి హోటలో రైలో బుక్ చేసేటప్పుడు రాత్రులు లెక్కపెట్టి తేదీ వేయకండి. ఓడ టికెట్ మీద దిగే తేదీ ఏది అచ్చయి ఉందో దాన్నే పట్టుకోండి. వీసా మొదలయ్యే తేదీకీ ఇదే పద్ధతి.

నేల మీది దారి: యూరప్ నుంచి తూర్పుకు

నేల మీద ఇబ్బంది పెట్టేది దూరం కాదు, సరిహద్దులు. ఇస్తాంబుల్ దాకా రైళ్లు, బస్సులతో హాయిగా వచ్చేయొచ్చు. అక్కడి నుంచి మూడు దారులు ఆలోచించండి, మూడింటినీ చివరిదాకా బతికించి ఉంచండి.

ఉత్తరపు దారి రష్యా గుండా. మాస్కో నుంచి వ్లాదివోస్తోక్‌కు 9,289 కిలోమీటర్లు, రైల్లో ఏడు రోజులు. రష్యా బయటి బ్యాంకులిచ్చిన వీసా, మాస్టర్‌కార్డ్ కార్డులు 2022 మార్చి నుంచి అక్కడ పనిచేయడం లేదు. మొత్తం ఖర్చు నగదుగా పట్టుకెళ్లాలి. యుద్ధం వల్ల చాలా ప్రభుత్వాలు అటు వెళ్లొద్దంటున్నాయి. అలాంటి హెచ్చరిక ఉన్న చోట మీ బీమా చెల్లకపోవచ్చు. పాలసీలో ఆ పేరా చదవకుండా టికెట్ కొనకండి.

మధ్య దారి జార్జియా, అజర్‌బైజాన్ మీదుగా కాస్పియన్ సముద్రం దాటి కజకిస్తాన్‌కు. బాకూకు దక్షిణాన అలాత్ రేవు నుంచి అక్తావ్ వైపు ఫెర్రీలు వెళ్తాయి. అవి లారీలు, రైలు వ్యాగన్ల కోసం నడిచేవి. టైంటేబుల్ ఉండదు, నిండితే కదులుతాయి. అవతలి ఒడ్డున రేవు ఖాళీ లేకపోతే లంగరేసి రోజంతా ఆగుతాయి. మూడు రోజుల తిండీ నీళ్లూ వెంట ఉంచుకోండి. ఇందులో పెద్ద చిక్కు ఒకటుంది. అజర్‌బైజాన్ 2020లో కొవిడ్ పేరుతో నేల సరిహద్దులను ప్రయాణికులకు మూసేసి, గడువును పొడిగిస్తూనే వచ్చింది. విమానంలో వచ్చేవాళ్లకు మాత్రం తలుపు తెరిచే ఉంది. మనలాంటివాళ్లకు ఎదురయ్యే అసలు కష్టం ఈ రకందే. దేశం తెరిచి ఉందని వార్తల్లో చదివి సంబరపడకండి, మీరు దాటబోయే ఆ ఒక్క గేటు తెరిచి ఉందా అని చూడండి. మూసి ఉంటే జార్జియా నుంచి ఉత్తరానికి, రష్యా కొస గుండా కజకిస్తాన్ చేరే దారి ఒకటుంది, దానికి రష్యా వీసా కావాలి. దక్షిణపు దారి ఇరాన్, తుర్క్‌మెనిస్తాన్‌ల గుండా. ఇది మీ పాస్‌పోర్ట్ మీద, అప్పటి పరిస్థితుల మీద పూర్తిగా ఆధారపడుతుంది.

కజకిస్తాన్ నుంచి ఖోర్గోస్ దగ్గర చైనాలోకి దాటొచ్చు. చైనా లోపల రైళ్ల గురించి చెప్పాల్సింది పెద్దగా లేదు, టికెట్ దొరికితే చాలు, వారం పని రెండు రోజుల్లో అయిపోతుంది. దక్షిణానికి వెళ్లాలంటే కున్మింగ్ నుంచి లావోస్ రాజధాని వియంటియాన్‌కు 2021 డిసెంబరులో తెరిచిన రైలు మార్గం ఉంది. 2023 ఏప్రిల్ నుంచి సరిహద్దు దాటి నేరుగా రైళ్లు నడుస్తున్నాయి. అక్కడి నుంచి బ్యాంకాక్, మలేసియా మీదుగా సింగపూర్ దాకా పట్టాల వెంటే వెళ్లొచ్చు. జపాన్ వెళ్లాలంటే చైనా తూర్పు రేవుల నుంచి దక్షిణ కొరియాలోని ఇంచియాన్‌కు ఓడ, తర్వాత బుసాన్ నుంచి ఫుకువోకాకో షిమొనోసెకికో ఇంకో ఓడ. పటంలో కొరియా ఖండానికి అతుక్కునే కనిపిస్తుంది కానీ, ఉత్తర కొరియా దారి మూసి ఉన్నందువల్ల దక్షిణ కొరియా మనకు దీవి కిందే లెక్క.

దారిలో ఒక వింత చూస్తారు. పాత సోవియట్ దేశాల్లో పట్టాల మధ్య వెడల్పు 1520 మిల్లీమీటర్లు. చైనాలో, యూరప్‌లో ఎక్కువ చోట్ల 1435. తేడా నాలుగు వేళ్ల వెడల్పు, అంతే. ఆ నాలుగు వేళ్ల కోసం రైలు గంటల తరబడి ఆగుతుంది. మాల్డోవాలో, రొమేనియా సరిహద్దున ఉన్న ఉంగెని దగ్గర పెట్టెలను విడదీసి, ఒక్కోదాన్ని జాకీలతో పైకెత్తి, కింది చక్రాల చట్రాలు దొర్లించి తీసేసి, వేరే వెడల్పువి తోస్తారు. మీరు లోపలే బెర్త్ మీద ఉంటారు. పెట్టె లేస్తున్న సంగతి ఒంటికి తెలియదు, కిటికీలోంచి చూస్తే పక్కన నిలబడ్డ పనివాళ్ల తలలు కిందికి జారిపోతుంటాయి. అంతసేపూ టాయిలెట్లకు తాళం వేస్తారు. సరిహద్దు వస్తోందని తెలియగానే ఒకసారి వెళ్లి రండి.

అమెరికా ఖండాల్లో

న్యూయార్క్ నుంచి షికాగోకు రైల్లో ఒక రాత్రి. షికాగో నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనున్న ఎమెరీవిల్‌కు కాలిఫోర్నియా జెఫిర్ అనే రైల్లో 3,924 కిలోమీటర్లు, రెండు రాత్రులు. కెనడాలోనైతే టొరాంటో నుంచి వాంకూవర్‌కు 4,466 కిలోమీటర్లు, నాలుగు రాత్రులు. ఈ రైళ్లు సరుకు రైళ్లకు దారి ఇస్తూ గంటల కొద్దీ ఆలస్యమవుతాయి. రైలు దిగిన రోజే ఓడ ఎక్కే పథకం వేయకండి.

దక్షిణ అమెరికాకు దిగాలనుకునేవాళ్లు పనామా, కొలంబియాల మధ్య ఉన్న డేరియన్ అడవి గురించి తెలుసుకోవాలి. అలాస్కా నుంచి అర్జెంటీనా దాకా సాగే పాన్ అమెరికన్ హైవే పనామాలోని యవీసా ఊళ్లో ఆగిపోతుంది. కొలంబియాలో మళ్లీ మొదలయ్యేదాకా సుమారు 100 కిలోమీటర్లు అడవి, చిత్తడి, దారి లేదు. అక్కడ నడిచి దాటే సాహసం చేయకండి, ప్రాణాలు పోయే చోటు అది. పనామా నుంచి శాన్ బ్లాస్ దీవుల మీదుగా కొలంబియాలోని కార్తహేనాకు తెరచాప పడవలు డబ్బు తీసుకుని తీసుకెళ్తాయి. నాలుగైదు రోజులు. చివరి భాగం నడి సముద్రం, కడుపులో తిప్పుతుంది.

వీసాలు, కాగితాలు

ఈ-వీసా దొరికింది కదా అని నిశ్చింతగా ఉండకండి. చాలా దేశాల ఈ-వీసాలు విమానాశ్రయాల్లో చెల్లుతాయి, నేల సరిహద్దుల్లో రేవుల్లో కొన్నిచోట్లే చెల్లుతాయి. ఏయే గేట్లలో చెల్లుతుందో ప్రభుత్వ జాబితా ఉంటుంది, మీ గేటు పేరు అందులో ఉందో లేదో అక్షరం అక్షరం పోల్చుకోండి.

అమెరికాకు వీసా అక్కర్లేని పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఆ వెసులుబాటు ఆ ప్రభుత్వంతో ఒప్పందమున్న రవాణా సంస్థల ఓడల్లో, విమానాల్లో వచ్చేవాళ్లకే. ప్రైవేటు పడవలోనో, ఒప్పందం లేని కార్గో ఓడలోనో వస్తే అసలు వీసా స్టాంపు కావాల్సిందే. దాన్ని బయల్దేరకముందే, మీ దేశంలోనే తీసుకోండి.

షెంజెన్ దేశాల్లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో, ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండనివ్వరు. నెమ్మదిగా తిరిగేవాళ్లకు ఈ 90 ఇట్టే అయిపోతాయి, రోజులు రాసుకుంటూ ఉండండి. యెల్లో ఫీవర్ సర్టిఫికెట్ టీకా వేయించుకున్న పదో రోజు నుంచే చెల్లుతుంది. 2016 జూలై నుంచి అది జీవితాంతం పనికొస్తుంది కాబట్టి ఒక్కసారి వేయించుకుంటే చాలు. పాస్‌పోర్ట్‌కు తిరిగొచ్చే తేదీ దాటి కనీసం ఆరు నెలల గడువు, పది ఖాళీ పేజీలు ఉండేట్టు చూసుకోండి. పాత పాస్‌పోర్ట్ సగం నిండి ఉంటే కొత్తది తీసుకునే బయల్దేరండి. నేల మీద ప్రతి సరిహద్దుకూ రెండేసి స్టాంపులు పడతాయి.

డబ్బు, సంచి, ఒళ్లు

వేర్వేరు బ్యాంకుల కార్డులు రెండు, రెండు చోట్ల దాచండి. చిన్న నోట్లలో కొంత అమెరికా డాలర్ల నగదు ఉంచండి. నోట్లు చిరగనివి, రాతలు లేనివి అయితేనే సరిహద్దుల్లో తీసుకుంటారు. బీమాలో సముద్రం గురించి విడిగా అడగండి. తీరం నుంచి ఇన్ని మైళ్లు దాటితే వర్తించదు అనే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది.

సంచి మీరు ఒక్కరే ఎత్తి, రైలు పై బెర్త్ మీదికి విసరగలిగినంతే ఉండాలి. పడవల్లో చక్రాల సూట్‌కేసులు వద్దంటారు, మడిచి పెట్టుకోగల మెత్తటి సంచి తీసుకోండి.

సముద్రం పడనివాళ్లు మందు వాంతి మొదలయ్యాక వేసుకుంటే ఉపయోగం తక్కువ, ఓడ కదలడానికి ముందే వేసుకోవాలి. ఏ మందో మీ డాక్టర్ని అడిగి, ఇంట్లో ఒకరోజు వేసుకుని మత్తెంత వస్తుందో చూడండి. పెద్ద ఓడలో క్యాబిన్ నడిమధ్యన, కింది అంతస్తులో తీసుకుంటే ఊపు తక్కువ. పడవలోనైతే బయట కూర్చుని నీరు ఆకాశాన్ని కలిసే గీత మీద చూపు నిలపండి, కిందికెళ్లి పుస్తకం తెరవకండి. ఎక్కువమందికి రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది.

ఓడ ఎక్కే ముందు వారం

రేవు ఉన్న ఊరికి కనీసం నాలుగు రోజుల ముందు చేరండి, కార్గో ఓడైతే వారం ముందు. రైలు తప్పితే ఇంకో రైలుంటుంది. ఈ ఓడ తప్పితే మళ్లీ ఆరు నెలలు. చేరిన రోజే రేవు గేటు దాకా ఒకసారి నడిచి చూసి రండి. ఒకే ఊళ్లో నాలుగైదు టెర్మినళ్లుంటాయి, కంటైనర్ టెర్మినల్ ఊరికి ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉండొచ్చు. అక్కడ కాలినడకన లోపలికి రానివ్వరు, గేటు నుంచి ఓడ దాకా వాహనం ఎవరు పంపుతారో ఏజెంటును అడిగి పేరు, ఫోన్ నంబరు కాగితం మీద రాసుకోండి. టికెట్, వీసాలు, టీకా కార్డు, డాక్టరు సర్టిఫికెట్, బీమా కాగితం రెండేసి కాపీలు అచ్చు తీయించండి. నడి సముద్రంలో ఫోన్ పనిచేయదు కాబట్టి ఇంట్లోవాళ్లకు ఓడ పేరు, దిగే రేవు, దిగే తేదీ పంపి, ఆ తేదీ తర్వాత మూడు రోజులదాకా కబురు రాకపోయినా కంగారు పడొద్దని చెప్పండి.

ఇవన్నీ అయ్యాక కూడా ఒక పూట మిగులుతుంది. ఆ పూట నిద్రపోండి, మొదటి రాత్రి ఓడలో ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టదు.